38(టి)లో ‘టి’ అంటే టన్నులు కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం శత్రువుల దగ్గర పట్టుకుని వాడుకున్న ట్యాంకుల గురించి మీ ఆదివారం సంచికలో వ్యాసం వచ్చింది. బొమ్మలు బాగున్నాయి. అయితే అందులో ఒక పొరపాటు, ఒక తొందరపాటు దొర్లాయి. 38(టి) అనే ట్యాంకును 38 టన్నుల భారీ ట్యాంకుగా రాయడం పొరపాటు. ఎదుటివాళ్ళ ట్యాంకుల మీద తమ సైన్యపు సిలువ గుర్తు వేసేసి జర్మన్లు అప్పనంగా సైన్యాన్ని పెంచుకున్నారని తేల్చేయడం తొందరపాటు. మొదటిది నాలుగు మాటలతో సరిపోతుంది. రెండోదానికి కాస్త జాగా అడుగుతున్నాను.

38(టి) బరువు పది టన్నులు కూడా ఉండదు. జర్మన్ భాషలో చెక్ దేశానిది అని చెప్పే మాట ‘టి’ అక్షరంతో మొదలవుతుంది, బ్రాకెట్లో ఉన్నది ఆ అక్షరమే. 38 అన్నది చెకొస్లొవేకియా సైన్యం ఆ నమూనాను ఖాయం చేసిన సంవత్సరం, 1938. మిగతా దేశాల సరుక్కీ ఇదే పద్ధతి: ఫ్రాన్సుకు ‘ఎఫ్’, ఇంగ్లండుకు ‘ఇ’, రష్యాకు ‘ఆర్’, ఇటలీకి ‘ఐ’, అమెరికాకు ‘ఎ’, పోలండుకు ‘పి’. వాటికి ముందు మూడంకెల నంబరు ఉంటుంది. 200ల్లో ఉంటే సాయుధ కారు, 700ల్లో ఉంటే ట్యాంకు. ఒకే నంబరు రెండు దేశాల ట్యాంకులకు పడిన సందర్భాలున్నాయి. 747(ఆర్) అంటే రష్యా టి-34, 747(ఎ) అంటే అమెరికా ఎం3. 748(ఎ) షెర్మన్ అయితే 748(ఇ) ఇంగ్లండ్ మటిల్డా. మీ వ్యాసంలో పట్టికంతా అక్షరాలు తీసేసి నంబర్లే వేశారు. ఇంటిపేర్లు కొట్టేసి ఓటర్ల జాబితా అచ్చేసినట్టయింది.

ఇక అసలు సంగతి. పట్టుబడ్డ ట్యాంకు ఎన్నాళ్ళు బతుకుతుందన్నది దాని ఫిరంగి మీదా కవచం మీదా ఆధారపడదు. దాన్ని తయారుచేసిన కర్మాగారం ఎవరి చేతిలో ఉందన్నదే లెక్క. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మీ వ్యాసంలో విడివిడిగా ఉన్న వివరాలన్నీ ఒక దారిన పడతాయి.

38(టి)నే తీసుకోండి. 1939 మార్చి 15న జర్మన్ సైన్యం ప్రాగ్‌లో దిగినప్పుడు దాని చేతికి చిక్కింది ట్యాంకులు మాత్రమే కాదు, వాటిని చేసే కర్మాగారం, డ్రాయింగులు, ఫిట్టర్లతో సహా. పేరు మార్చి అదే కర్మాగారంలో 1942 వరకు 1,400కి పైగా చేయించుకున్నారు. చెక్ ఏర్పాటులో ముగ్గురుండే చోట నాలుగో మనిషిని, అంటే గుండ్లు నింపేవాణ్ణి కూర్చోబెట్టారు. అతనికి చోటు కోసం లోపల పెట్టే గుండ్ల సంఖ్య తగ్గించుకున్నారు. 1940లో ఫ్రాన్సు మీదికి దూసుకెళ్ళిన జర్మన్ సేనాని రోమెల్ 7వ పాంజర్ (ట్యాంకు) డివిజన్‌లో అన్ని రకాల్లోకీ ఎక్కువున్నవి ఈ ట్యాంకులే. దీని లోపం రివెట్లు. కవచపు రేకుల్ని వెల్డింగ్ చేయకుండా రివెట్లతో బిగించారు. బయట గుండు తగిలి రేకు చిల్లిపడకపోయినా, లోపలివైపు రివెట్ తల తెగి తూటాలా ఎగిరి మనిషికి తగిలేది. అయినా ఆ పునాది మీదే తరవాత టరెట్ (పైన తిరిగే ఫిరంగి గది) లేని హెట్జర్ అనే వాహనాలు 2,500కి పైగా తయారయ్యాయి. కర్మాగారం చేతిలో ఉంటే అంత దూరం తీసుకెళ్ళవచ్చు.

దాని అన్న 35(టి) కథ వేరు. అదీ చెక్ సరుకే, 6వ పాంజర్ డివిజన్ వాడింది. గేర్లు ముందుకు ఆరు, వెనక్కు ఆరు. గేరు మార్చడానికీ, మలుపు తిప్పడానికీ గాలి పీడనం సాయం చేస్తుంది. డ్రైవరుకు చెయ్యి నొప్పెట్టదు, ఎంతదూరమైనా అలవోకగా నడపొచ్చు. 1941లో రష్యా చలి వచ్చేసరికి ఆ సుఖమే శాపమైంది. పంపు లాగే గాలిలో తేమ ఉంటుంది. గొట్టాల్లో ఆ తేమ గడ్డకడితే కవాటం కదలదు, గేరు పడదు, బండి మలగదు. అప్పటికే ఆ ట్యాంకు తయారీ ఆగిపోయింది. విడిభాగం కావాలంటే పక్కన ఆగిపోయిన ఇంకో ట్యాంకును విప్పాలి. చలికాలం గడిచేసరికి 6వ డివిజన్‌లో ఆ ట్యాంకులు లేవు.

ఫ్రాన్సు సరుకు ఈ రెండింటికీ మధ్యరకం. 1940 జూన్‌లో దొరికినవి కొన్ని వేలు. సోమువా ఎస్35లు 297, బి1 బిస్‌లు 161, రెనో ఆర్35లు ఎనిమిది వందలకు పైన, హాచ్కిస్‌లు ఇంచుమించు ఐదున్నర వందలు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి రెనో ఎఫ్‌టీలు వెయ్యికి పైగా. పెట్రోలు విషయంలో ఇబ్బంది లేదు, ఎఫ్‌సీఎం అనే డీజిల్ బండి ఒక్కటి తప్ప. గుండ్లు గోదాముల్లో దొరికాయి. ఫ్రెంచి కర్మాగారాలు ఆక్రమణలో ఉన్నాయి కాబట్టి మరమ్మతులూ సాగాయి. మరి ఇన్ని వందల ట్యాంకులు 1941లో రష్యా మీదికి ముందువరుసలో ఎందుకు వెళ్ళలేదు? మీ వ్యాసం ఈ ప్రశ్న వేయలేదు.

వీటి టరెట్‌లో కూర్చునేది ఒక్కడు. ఆ ఒక్కడే దారి చూడాలి, డ్రైవరుకు ఆజ్ఞలివ్వాలి, గుండు నింపాలి, గురి పెట్టాలి, పేల్చాలి. దళపతి అయితే వీటితోపాటు మిగతా ట్యాంకుల్నీ నడిపించాలి. జర్మన్ల సొంత ట్యాంకు పాంజర్-3లో ఆ పని ముగ్గురు పంచుకుంటారు. పైగా ఫ్రెంచి టరెట్ నెత్తిన మూసేసిన గుమ్మటం ఉంటుంది, తల బయటపెట్టే వీలు లేదు. బయట చూడాలంటే టరెట్ వెనక తలుపు దించి దాని మీద కూర్చోవాలి. అంటే కాల్పుల్లో కూర్చోకూడదన్నమాట. చాలా ట్యాంకుల్లో రేడియో లేదు. రెనో ఆర్35 వేగం గంటకు 20 కిలోమీటర్లు. కాల్బలంతో కలిసి నడవడానికి చేసిన బండి అది, జర్మన్ల పరుగు యుద్ధానికి పనికిరాదు.

అందుకే ముందు కొన్ని మార్పులు చేయవలసి వచ్చింది. గుమ్మటం పైభాగం కోసేసి రెండు రెక్కల మూత పెట్టారు. జర్మన్ రేడియో ఫు-5 అమర్చారు. దాని ప్రసార శక్తి 10 వాట్లు. దానికో యాంటెన్నా, దానికి కరెంటు, దాన్ని వాడే మనిషికి శిక్షణ. ముసుగు వేసిన నోటెక్ దీపం, పనిముట్ల పెట్టెలు. విదేశీ సామగ్రి కొలతలు, గుర్తులతో పుస్తకాలు అచ్చేశారు. ఇదంతా అయ్యాక కూడా టరెట్‌లో ఒక్కడే! పెద్ద టరెట్ పెట్టడానికి ఆ హల్‌లో, అంటే టరెట్ కింది ట్యాంకు ఒంట్లో, చోటు లేదు. సోమువాకు ఇంకో చిక్కుంది. దాని హల్ పోతపోసిన పెద్ద ముక్కలను బోల్టులతో బిగించింది, అతుకు దగ్గర దెబ్బ తగిలితే ముక్కలు విడివడే ప్రమాదం. చక్రాలన్నీ పక్క కవచం వెనక దాక్కుంటాయి, వాటి మరమ్మతు అంటే మెకానిక్కుకు పెద్ద పనే.

అలా ఫ్రెంచి ట్యాంకులు చాలావరకు కాపలా పనికి పోయాయి. యుగోస్లావియాలో పార్టిజాన్ల (గెరిల్లాల) మీద, ఫిన్లండ్ ఉత్తరాన 211వ దళంలో, క్రీట్ దీవిలో 212వ దళంలో, బ్రిటిష్ చానల్ దీవుల్లో 213వ దళంలో. ఎఫ్‌టీలు విమానాశ్రయాల దగ్గర కావలి కాశాయి. 1944 జూన్ 6న నార్మండీలో అమెరికన్ పారాట్రూపర్లు లా ఫియేర్ వంతెన దగ్గర ఎదుర్కొన్న జర్మన్ ట్యాంకులు కూడా ఫ్రెంచివే, 100వ శిక్షణ దళానివి. బజూకాల (భుజం మీంచి పేల్చే రాకెట్ గొట్టాల) ముందు నిలవలేదు.

ఫ్రెంచి బి1 బిస్‌ను మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, అది అన్యాయం. 31 టన్నుల బండి. టరెట్‌లో 47 మిల్లీమీటర్ల ఫిరంగి, హల్ ముందు 75 మిల్లీమీటర్ల ఫిరంగి. హల్ ఫిరంగి అటూ ఇటూ తిరగదు. గురి పెట్టాలంటే డ్రైవరు మొత్తం ట్యాంకునే వెంట్రుకవాసి తిప్పాలి. దానికోసం నాయెదర్ అనే హైడ్రాలిక్ యంత్రం ఉంది. అందులో పోసేది మామూలు ఇంజను నూనె కాదు, ఆముదం! పాలమూరు, నల్లగొండ రైతులకు ఈ సంగతి తెలిస్తే నవ్వుకుంటారు. యంత్రం సున్నితం, ఖరీదు, దాని మరమ్మతు తెలిసిన చేతులు తక్కువ. జర్మన్లు 60 బండ్లలో హల్ ఫిరంగి పీకేసి అక్కడ మంటలు చిమ్మే గొట్టం పెట్టారు. మొదటి రకంలో నూనెను నైట్రోజన్ పీడనంతో చిమ్మేవారు, తరవాతి రకంలో వేరే ఇంజనుతో నడిచే పంపు పెట్టి, నూనె ట్యాంకును వెనకవైపు కవచపు పెట్టెలో దాచారు. మంట 40 మీటర్ల దాకా పోతుంది. అంటే బంకరుకు 40 మీటర్ల దగ్గరికి, గంటకు 28 కిలోమీటర్లు మించని బండిలో, పక్కనే నూనె పెట్టుకుని వెళ్ళాలి. 1941 జూన్ చివర సోవియట్ సరిహద్దు బంకర్ల మీద 102వ దళం 24 మంటల ట్యాంకులు, ఆరు మామూలు బి1లతో వెళ్ళింది. నెల తిరిగేసరికి ఆ దళాన్నే రద్దు చేశారు. ఇదే రకం ట్యాంకులు 1944 సెప్టెంబరులో నెదర్లండ్స్‌లోని ఆర్నెమ్ దగ్గర మళ్ళీ కనిపించాయి.

ఫ్రెంచి సరుకుకు సరైన ఉపయోగం ట్యాంకుగా కాదు, ముక్కలుగా దొరికింది. ఇది జర్మన్లు ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. ఒంటరి టరెట్ పనికిరాదా, తీసేద్దాం. ఆర్35 టరెట్ లేపి, పైన తెరిచిన ఉక్కుపెట్టె కట్టి, చెక్ 47 మిల్లీమీటర్ల ట్యాంకు వ్యతిరేక ఫిరంగి బిగించారు. ఇలా 174 చేశారు. ఫిరంగి మెరుగైంది, వేగం మాత్రం అదే 20. ఇంకొన్ని ఆర్35లకు టరెట్ తీసేసి ఫిరంగులు లాగే ట్రాక్టర్లుగా వాడారు. ఈ పనిలో ఆరితేరినవాడు మేజర్ ఆల్‌ఫ్రెడ్ బెకర్. హాచ్కిస్ హల్‌ల మీద 105 మిల్లీమీటర్ల హొవిట్జర్లు (గుండును ఎత్తుగా విసిరే ఫిరంగులు), 75 మిల్లీమీటర్ల ఫిరంగులు ఎక్కించి, 21వ పాంజర్ డివిజన్‌కు నార్మండీలో ఒక పూర్తి దళాన్నే తయారుచేసి పెట్టాడు. లొరేన్ అనే ఫ్రెంచి ట్రాక్టర్లయితే ఇంజను మధ్యలో, వెనక ఖాళీ చోటు, ఫిరంగి పెట్టమని పిలిచినట్టే ఉంటాయి. వాటి మీద 75 మిల్లీమీటర్ల ఫిరంగి ఎక్కిస్తే మార్డర్-1 అనే ట్యాంకు వ్యతిరేక వాహనం, పాత 150 మిల్లీమీటర్ల హొవిట్జర్ ఎక్కిస్తే తనంతట తానే నడిచిపోయే ఫిరంగి బండి.

మరి ఊడదీసిన టరెట్లో? అట్లాంటిక్ తీరమంతా కాంక్రీటు గుంటల మీద కూర్చోబెట్టారు. గుంట నోటికి ఉక్కు వలయం, దాని మీద టరెట్. అక్కడ ఇంజను అక్కర్లేదు, గేర్లు అక్కర్లేదు, విడిభాగాల బెంగ లేదు. 38(టి) పాతబడ్డాక దాని టరెట్లకూ ఇదే గతి, మొత్తం 351 బంకర్లెక్కాయి. ఒక్కడే కూర్చునే ఫ్రెంచి టరెట్‌కు కదలని బంకరులో పెద్ద ఇబ్బంది లేదు. పోనీ, చివరికి దానికి తగిన చోటు దొరికింది.

ఇప్పుడు అందరూ మురిసిపోయే టి-34 దగ్గరికొద్దాం. మీ వ్యాసం దీనికే సగం పేజీ ఇచ్చింది. 1943 మార్చిలో ఉక్రెయిన్‌లోని హార్కివ్ మళ్ళీ జర్మన్ల చేతికొచ్చినప్పుడు అక్కడి ట్రాక్టర్ కర్మాగారంలో మరమ్మతులో ఉన్న టి-34లు దొరికాయి. దాస్ రైష్ అనే జర్మన్ డివిజన్ 25 దాకా సిద్ధం చేసుకుని జులైలో కుర్స్క్ పోరుకు తీసుకెళ్ళింది. పాంజర్ టరెట్ నుంచి తీసిన కమాండర్ గుమ్మటం బిగించారు, జర్మన్ రేడియో పెట్టారు, పక్కలకు రేకులు తగిలించారు. ఇంతవరకు వ్యాసం సరే. 25 కంటే ఎక్కువ ఎందుకు కాలేదో రాయలేదు. ముందువరుసలో దొరికిన టి-34లు వందల్లో ఉన్నాయి కదా.

మొదటి అడ్డు ఇంధనం. జర్మన్ ట్యాంకులన్నీ పెట్రోలువి. టి-34ది 38.88 లీటర్ల, పన్నెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, 500 హార్స్‌పవర్. పాంజర్ దళానికి వెళ్ళే పెట్రోలు లారీల వరుసలో వీటికోసం వేరే డీజిల్ లారీ పంపాలి. నాలుగు ట్యాంకుల కోసం ఎవరు పంపుతారు? రెండోది విడిభాగాలు. టి-34 కర్మాగారాలు జర్మన్లకు అందని చోట, ఎక్కువగా ఉరల్ పర్వతాల ప్రాంతంలో ఉన్నాయి. క్లచ్ పలకలు కాలినా, గేర్‌బాక్సు పళ్ళు విరిగినా, ఆధారం పడిపోయిన ఇంకో టి-34 మాత్రమే. నాలుగు గేర్ల ఆ గేర్‌బాక్సు మొండిది, క్లచ్ సరిగ్గా విడవకుండా లాగితే పళ్ళు అరుగుతాయి. కొత్త డ్రైవర్లకు అది జరగక తప్పదు. తొలి రకాల గాలి ఫిల్టరు దుమ్మును సరిగ్గా ఆపదు, దుమ్ము సిలిండర్లలోకి పోతే ఇంజను అరిగిపోతుంది. అమెరికన్లు పరీక్ష కోసం తెప్పించుకున్న టి-34 కూడా ఇలాగే ఆగిపోయింది.

మూడోది, గుండ్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు. రష్యా ఎఫ్-22 ఫీల్డ్ ఫిరంగులు 1941లో జర్మన్లకు కుప్పలుగా దొరికాయి. దాని బ్రీచ్ (గుండు నింపే వెనక భాగం) మొదట్నుంచీ అవసరానికి మించి దిట్టంగా ఉంది. జర్మన్లు దాని అర తొలిచి, 715 మిల్లీమీటర్ల పొడవు కేసు (గుండు వెనక మందు ఉండే లోహపు గొట్టం) పట్టేలా పెంచారు. ఎడమవైపు ఒక చక్రం, కుడివైపు ఒక చక్రం తిప్పితే తప్ప గురి కుదరని ఏర్పాటు మార్చి రెండింటినీ ఒకవైపు తెచ్చారు. గొట్టం చివర వెనక్కి తన్నే దెబ్బను తగ్గించే మజిల్ బ్రేక్ పెట్టారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ గుండ్లను జర్మనీలోనే తయారుచేశారు. 38(టి) హల్ మీద ఎక్కించాక అది మార్డర్-3 అయింది: చెక్ బండి, రష్యా ఫిరంగి, జర్మన్ గుండు. 300కి పైగా చేశారు. టి-34 ఫిరంగి వ్యాసం కూడా 76.2 మిల్లీమీటర్లే. కానీ దాని కేసు పొడవు 385. రెండూ ఒకదాంట్లో ఒకటి పట్టవు. లెక్క గుమాస్తా కాగితం మీద ‘76.2’ అని మాత్రమే రాస్తే ముందువరుసకు తప్పు పెట్టెలు చేరతాయి. టి-34కు దొరికే గుండ్లు రష్యన్లు వదిలేసినవే, అయిపోతే అంతే.

నాలుగోది ప్రాణాల మీదికి తెచ్చేది. ట్యాంకు వ్యతిరేక ఫిరంగివాడు ఆకారం చూసి పేల్చేస్తాడు, గుర్తు చూసి కాదు. కిలోమీటరు దూరాన టి-34 ఆకారం కనిపించగానే సొంతవాడే కొడతాడు. అందుకే పట్టుకున్న ట్యాంకుల మీద సిలువలు మామూలు కంటే రెండు మూడింతలు పెద్దవి, ముందూ వెనకా పక్కలా, విమానాల కోసం టరెట్ పైన కూడా. స్వస్తిక జెండా పరిచేవారు. మీ వ్యాసం దీన్ని ఆడంబరం అంది. ప్రాణభయం అనాలి. పైగా అంత పెద్ద సిలువ ఎదుటివాడికీ మంచి గురే.

కర్మాగారం మాటకు ఇంకో సాక్ష్యం ఇటలీ. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక ఆ దేశపు ట్యాంకులు పట్టుకోవడంతో ఆగక, అన్సాల్డో కర్మాగారంలో తయారీ కొనసాగించారు. పి40 ట్యాంకులు కొన్నిటికి ఇంజన్లు దొరకలేదు. వాటిని భూమిలో పాతి బంకర్లుగా వాడారు.

మొదటి ప్రపంచ యుద్ధం వరకు వెనక్కి వెళ్ళినా లెక్క మారదు. 1917 నవంబరులో కాంబ్రే పోరు తరవాత బ్రిటిష్ మార్క్-4 ట్యాంకులు జర్మన్లకు చిక్కాయి. బెల్జియంలో షార్లెరువా దగ్గర మరమ్మతు శాల పెట్టి, యుద్ధభూమిలో విరిగిన వాటి నుంచి భాగాలు పీక్కొచ్చి, 57 మిల్లీమీటర్ల మాక్సిమ్-నోర్డెన్‌ఫెల్ట్ ఫిరంగులు అమర్చి ఐదేసి ట్యాంకుల దళాలు కట్టారు. సొంతంగా చేసుకున్న ఏ7విలు 20 మాత్రమే. కాబట్టి 1918లో జర్మన్ ట్యాంకు సైన్యంలో బ్రిటిష్ ట్యాంకులే ఎక్కువ. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మాత్రం కాదు, ఆ షార్లెరువా మెకానిక్కుల చెమట చాలా ఉంది అందులో.

సోవియట్లు కూడా ఇదే పని చేశారు. పట్టుబడ్డ పాంజర్-3 హల్‌ల మీద తమ 76.2 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టి 201 ఎస్‌యూ-76ఐలు చేశారు. తమ దేశంలో గుండ్లున్న ఫిరంగినే ఎక్కించారని గమనించండి. మన దేశంలో 1965లో అసల్ ఉత్తర్ దగ్గర చిక్కిన పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు ఊళ్ళలో అరుగులెక్కి స్మారకాలయ్యాయి. కర్మాగారం పరాయిది అయినప్పుడు అదొక మంచి పని.

చివరిగా ఫొటో శీర్షిక. మూడో పేజీలో ఉన్నదాన్ని ‘1940 వేసవిలో జర్మన్ల కొత్త ట్యాంకు’ అన్నారు. పక్కన చక్రాలను కప్పిన కవచం, హల్ చుట్టూ బోల్టుల వరుస చూస్తే అది సోమువా ఎస్35. టరెట్ మీద రెండు రెక్కల మూత తెరిచి ఉంది, లోపలివాడు నడుము దాకా బయటికొచ్చి నిలబడ్డాడు. ఆ మూత జర్మన్ వర్క్‌షాపులో గుమ్మటం కోసి పెట్టింది. 1940 జూన్‌లో దొరికినప్పుడు దానికి ఆ మూత లేదు. కాబట్టి ఆ ఫొటో 1940 వేసవిది కాదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ